పిన్ను దూరింది కదా అని పెట్టేయకండి: ఏ పరికరానికి ఏ అడాప్టర్?

పాత ఫొటోలన్నీ దాచుకున్న 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ ఒకటి నా దగ్గర ఉంది. దాని పెట్టెకు 12 వోల్టుల అడాప్టర్ కావాలి. ఒకరోజు రాత్రి తొందరలో బల్ల కిందికి చెయ్యి పెట్టి, వేళ్లకు తగిలిన గుండ్రటి పిన్నును పైకి లాగి దానికి గుచ్చేశాను. అది ల్యాప్‌టాప్‌ది, 19 వోల్టులు. పిన్ను మాత్రం అచ్చంగా సరిపోయింది, కాస్త వదులు కూడా లేదు. నీలం లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. టప్పుమని చిన్న చప్పుడు, వెంటనే కాలిన వాసన. పెట్టె పోయింది. డిస్క్ అడుగున ఉండే బోర్డు మీద, వోల్టేజీ మితిమీరితే తాను బలై మిగతా బోర్డును కాపాడే చిన్న డయోడ్ ఉంటుంది. అది షార్ట్ అయింది. రిపేరు చేసే ఆయన దాన్ని పీకేసి, డిస్క్ తిరగడం మొదలుపెట్టగానే ముందు డేటా అంతా కాపీ చేసిచ్చాడు. ఆ మూడు రోజులు నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదని ఇది రాస్తున్నాను.

ఇంట్లో ఉన్న ఛార్జర్లన్నీ ఒకచోట పోసి చూస్తే అవి రెండు రకాలుగా విడిపోతాయి. ఒకటి, అడగకుండా పోసేది. గోడకు పెట్టగానే 12 అంటే 12, 19 అంటే 19 వోల్టులు పిన్ను దగ్గర సిద్ధంగా ఉంచుతుంది. అవతల ఉన్నది రౌటరో, స్పీకరో, హార్డ్ డిస్కో దానికి తెలియదు, తెలుసుకోవాలని కూడా చూడదు. గుండ్రటి పిన్ను అడాప్టర్లు దాదాపు అన్నీ ఈ రకమే. రెండోది, అడిగి ఇచ్చేది. సరైన టైప్-సీ ఛార్జర్ అవతలి పరికరంతో మాట్లాడి, ఎంత కావాలో తెలుసుకున్నాకే వోల్టేజీ పెంచుతుంది. మొదటి రకంలో జాగ్రత్త అంతా మనదే. రెండో రకంలో సగం జాగ్రత్త అవే పడతాయి. ఏది దేనికి వాడొచ్చనే లెక్క అంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

గుండ్రటి పిన్ను అడాప్టర్లు: చీటీ చదవాల్సిందే

ముందు పరికరం అడుగున గానీ, పిన్ను పెట్టే రంధ్రం పక్కన గానీ ఏం రాసి ఉందో చూడండి. తర్వాత అడాప్టర్ మీది చీటీ చూడండి. అక్కడ ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు వరుసలు ఉంటాయి. ఇన్‌పుట్ గోడ నుంచి తీసుకునేది, అవుట్‌పుట్ పరికరానికి ఇచ్చేది. మనం పోల్చాల్సింది అవుట్‌పుట్ వరుసనే. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి కాబట్టి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవడం తేలిక.

ఒక రౌటర్ ఉందనుకుందాం. దాని మీద 12 వోల్టులు, 1 ఆంపియర్, డీసీ అని రాసి ఉంది. అసలు అడాప్టర్ పాడైంది. సొరుగులో నాలుగు దొరికాయి: 12 వోల్టులు 2 ఆంపియర్లది ఒకటి, 12 వోల్టులు 0.5 ఆంపియర్‌ది ఒకటి, 9 వోల్టులు 1 ఆంపియర్‌ది ఒకటి, 12 వోల్టులు 1 ఆంపియరే కానీ అవుట్‌పుట్ దగ్గర ఏసీ అని ఉన్నది ఒకటి. నాలుగింటి పిన్నూ దూరుతుంది. వాడాల్సింది మొదటిదే.

చాలామంది ఆ మొదటిదాన్నే చూసి భయపడతారు. రౌటర్‌కు 1 ఆంపియర్ చాలు, ఇది 2 ఇస్తే కాలిపోదా అని. కాలిపోదు. ఆంపియర్లు అడాప్టర్ నెట్టేవి కావు, పరికరం లాక్కునేవి. చీటీ మీది ఆంపియర్ల అంకె ఆ అడాప్టర్ గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో చెబుతుంది, అంతే. చెరువు ఎంత పెద్దదైనా చెంబు ముంచితే చెంబెడు నీళ్లే వస్తాయి. 2 ఏమిటి, 5 ఆంపియర్ల అడాప్టర్ పెట్టినా రౌటర్ తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. వోల్టేజీ సంగతి అలా కాదు. అది అడాప్టర్ వైపు నుంచి వచ్చి పడే ఒత్తిడి. పరికరం వద్దన్నా ఆగదు. అందుకే వోల్టులు సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి.

రెండోది, అంటే 0.5 ఆంపియర్‌ది పెడితే రౌటర్‌కు ప్రమాదం తక్కువ, అడాప్టర్‌కు ఎక్కువ. మోయలేని బరువు మోస్తూ అది వేడెక్కుతుంది. మంచిదైతే తనను తాను కాపాడుకోడానికి ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంది. అడాప్టర్ మీద లైటు క్షణానికోసారి ఆరి వెలుగుతుంటే చాలాసార్లు కారణం ఇదే. నాసిరకందైతే ఆగదు, ప్లాస్టిక్ మెత్తబడేదాకా వేడెక్కుతూనే ఉంటుంది. 9 వోల్టులది పెడితే రౌటర్ లైట్లు వెలగొచ్చు, వైఫై కూడా రావొచ్చు. కానీ కాస్త పని ఎక్కువ పడగానే రీస్టార్ట్ అవుతుంది. నెట్ ఊరికే పోతోందని కంపెనీకి ఫోన్ మీద ఫోన్ చేసి, చివరికి చూస్తే దోషం అడాప్టర్‌దని తేలడం నాకు తెలిసిన ఇళ్లలోనే రెండుసార్లు జరిగింది.

నాలుగోది అన్నిటికంటే మోసపుచ్చేది. వోల్టులు, ఆంపియర్లు రెండూ కలిశాయి, పిన్నూ కలిసింది, కానీ అది ఏసీ ఇస్తుంది. డీసీ కావాల్సిన చోట ఏసీ పెడితే ప్లస్సు మైనస్సులు సెకనుకు వంద నుంచి నూట ఇరవైసార్లు తారుమారవుతాయి. పరికరంలో ఏసీని డీసీగా మార్చుకునే భాగం లేకపోతే అది అక్కడితో సరి. కొన్ని పాత మోడెములు, సంగీత పరికరాలు నిజంగానే ఏసీ అడుగుతాయి, అందుకే అలాంటి అడాప్టర్లు ఇంకా సొరుగుల్లో మిగిలి ఉన్నాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. అలలాంటి ఒక్క గీత ఉంటే ఏసీ. పైన నిండు గీత, దాని కింద మూడు ముక్కల గీత ఉంటే డీసీ.

ఇక చాలామంది చూడనిది, పిన్ను లోపల ప్లస్ ఎక్కడ, మైనస్ ఎక్కడ అన్నది. చీటీ మీద మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ సగం తెరిచిన వలయం, రెండు వైపులా ప్లస్, మైనస్ గుర్తులు కనిపిస్తాయి. చుక్క నుంచి వచ్చే గీత ప్లస్‌కు వెళితే పిన్ను లోపలి భాగం ప్లస్. రౌటర్లు, కెమెరాలు, హార్డ్ డిస్క్ పెట్టెలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. కానీ గిటార్‌కు వాడే 9 వోల్టుల ఎఫెక్ట్ పెడల్స్‌లో వాడుక తలకిందులు, లోపల మైనస్, బయట ప్లస్. రెండూ 9 వోల్టులే కదా అని మార్చి పెట్టారో, ఏసీ అంత పనీ చేస్తుంది. పరికరం బొమ్మ, అడాప్టర్ బొమ్మ ఒకేలా ఉంటేనే పెట్టండి.

పిన్ను కొలతల్లోనూ ఒక చిక్కుంది. బాగా వాడుకలో ఉన్నది బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్ల పిన్ను. కానీ లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లది ఒకటి, 2.5 మిల్లీమీటర్లది ఇంకొకటి ఉన్నాయి. 2.1 పిన్ను 2.5 సాకెట్లోకి దిగదు. 2.5 పిన్ను 2.1 సాకెట్లోకి దిగుతుంది కానీ లోపల సరిగ్గా ఆనదు. కదిలిస్తే ఆరిపోయి, వదిలేస్తే వెలిగే పరికరాల్లో కొన్నిటి రోగం ఇదే. అలా ఆనీ ఆనని చోట చిన్న చిన్న నిప్పురవ్వలు వచ్చి సాకెట్ నల్లబడుతుంది.

అన్నట్టు, చీటీ మీద చిన్న వలయంలో రోమన్ అంకె ఐదో, ఆరో కనిపిస్తుంది. ఐదు అంకె ఇంగ్లిష్ వి అక్షరంలాగే ఉంటుంది కాబట్టి కొందరు దాన్ని వోల్టులనుకుంటారు. అది విద్యుత్తును ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే స్థాయి మాత్రమే. చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే లోపల రెండంచెల ఇన్సులేషన్ ఉందని, ఎర్త్ పిన్ను అక్కర్లేదని అర్థం.

ఇటుకరాయిలా బరువుగా ఉండే పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లను కొత్త పరికరాలకు వాడకపోవడమే మేలు. వాటిలో చాలావాటికి వోల్టేజీని నిలకడగా ఉంచే ఏర్పాటు లేదు. చీటీ మీద 12 అని ఉన్నది, లోడ్ లేనప్పుడు 16 దాకా కూడా చూపిస్తుంది. ఆ రోజుల్లో పరికరాలను దానికి తగ్గట్టే తయారుచేశారు, ఇప్పుడు అలా కాదు. చిన్న స్విచ్ జరిపి వోల్టేజీ మార్చుకునే సర్వరోగ నివారిణి అడాప్టర్ కొందామనుకునేవారికి కూడా నా సలహా వద్దనే. 5 దగ్గర ఉండాల్సిన స్విచ్ సంచిలో రాసుకుని 12కు జరిగితే ఎవరికీ తెలియదు. ఒక్క పరికరానికి ఒక్క అడాప్టర్ కావాలంటే, స్థిరమైన వోల్టేజీ ఇచ్చేది వెతికి కొనుక్కోండి.

ల్యాప్‌టాప్‌ల దగ్గర కాస్త సడలింపు

గుండ్రటి పిన్ను ల్యాప్‌టాప్‌లు 19, 19.5, 20 వోల్టుల దగ్గర తిరుగుతుంటాయి. ఈ అర వోల్టు తేడాను ల్యాప్‌టాప్ లోపలి సర్క్యూట్ మామూలుగా తట్టుకుంటుంది. ఇక్కడ చూడాల్సింది వాట్లు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి, 19.5 వోల్టులు 3.34 ఆంపియర్లు అంటే 65 వాట్లు. 65 వాట్ల ల్యాప్‌టాప్‌కు 90 వాట్లది పెట్టొచ్చు. 90 వాట్ల దానికి 65 పెడితే కొన్ని వేగం తగ్గించుకుని నడుస్తాయి, కొన్ని ఛార్జింగ్ మానేస్తాయి, కొన్ని అడాప్టర్‌ను పొయ్యిలా వేడెక్కిస్తాయి. కొన్ని కంపెనీల పిన్ను మధ్యలో సూది లాంటి సన్నటి పిన్ను ఇంకొకటి ఉంటుంది. అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. అది వంగినా, విరిగినా, వేరే కంపెనీది పెట్టినా ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనేముందు ఆ సూదిని ఒకసారి వెలుతురులో చూడండి.

టైప్-సీ: అడిగి ఇచ్చే పద్ధతి

సరిగ్గా తయారైన టైప్-సీ ఛార్జర్‌ను గోడకు పెట్టి వదిలేస్తే దాని రంధ్రంలో వోల్టేజీయే ఉండదు. ఫోన్ తగిలించగానే, ఫోన్ వైపున్న 5.1 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టర్‌ను చూసి, అవతల పరికరం ఉందని తెలుసుకుని 5 వోల్టులు ఇస్తుంది. ఆ తర్వాత పవర్ డెలివరీ, అంటే పీడీ పద్ధతిలో సంభాషణ మొదలవుతుంది. నా దగ్గర 5, 9, 15, 20 వోల్టులు ఉన్నాయని ఛార్జర్ చెబుతుంది. నాకు 9 కావాలని ఫోన్ అడుగుతుంది. ఇద్దరూ ఒప్పుకున్నాకే వోల్టేజీ మారుతుంది. అడగడం రాని పరికరానికి 5 దాటి రాదు. అందుకే ల్యాప్‌టాప్‌తో వచ్చిన 100 వాట్ల పీడీ ఛార్జర్‌తో చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్‌ను నిశ్చింతగా ఛార్జ్ చేసుకోవచ్చు. గుండ్రటి పిన్ను ప్రపంచంలో ఇది ఊహకు కూడా అందని సౌకర్యం.

మరి ఏది కొనాలి? ఫోన్ ఒక్కటే ఉంటే 20 నుంచి 30 వాట్ల పీడీ ఛార్జర్ సరిపోతుంది. ఫోన్ పీపీఎస్ అనే పద్ధతిని వాడుకునేదైతే ఛార్జర్ మీద కూడా ఆ మాట ఉందో లేదో చూడండి. అందులో వోల్టేజీని 20 మిల్లీవోల్టుల చిన్న చిన్న అంచెల్లో మార్చుకోవచ్చు కాబట్టి ఫోన్ తక్కువ వేడితో వేగంగా నిండుతుంది. కొన్ని కంపెనీలు 67, 80, 120 వాట్లంటూ తమ సొంత పద్ధతులు పెట్టుకున్నాయి. ఆ వేగం కావాలంటే వాళ్ల ఛార్జర్, చాలాసార్లు వాళ్ల కేబుల్ కూడా ఉండాలి. వేరే మంచి ఛార్జర్ పెడితే ఫోన్‌కు ఏమీ కాదు, నెమ్మదిగా ఎక్కుతుంది. రాత్రంతా ఎక్కించేవాళ్లకు ఆ వేగం అక్కర్లేదని నా అభిప్రాయం.

ఫోన్, ల్యాప్‌టాప్ రెండిటికీ ఒకటే కావాలంటే 65 వాట్ల పీడీ, పీపీఎస్ ఉన్నది తీసుకోండి. ఫోన్ ఛార్జర్‌తో ల్యాప్‌టాప్ ఎందుకు ఎక్కదని చాలామంది అడుగుతారు. చాలా ల్యాప్‌టాప్‌లు 20 వోల్టులు అడుగుతాయి. పీడీ నిబంధనల్లో 20 వోల్టులు తప్పనిసరిగా ఇవ్వాల్సింది 45 వాట్లు దాటిన ఛార్జర్లే. 20 వాట్ల ఫోన్ ఛార్జర్ దగ్గర మామూలుగా 9 వోల్టులకు మించి ఉండదు. రెండు మూడు రంధ్రాలున్న ఛార్జర్ అయితే పెట్టె మీది మొత్తం అంకెను నమ్మకండి. 65 వాట్లని రాసి ఉన్నది, రెండో రంధ్రంలో ఫోన్ పెట్టగానే 45, 20గా విడిపోవచ్చు. ఆ పంపకం పట్టిక ఛార్జర్ మీదే సన్నటి అక్షరాల్లో ఉంటుంది. రెండోది గుచ్చగానే మొదటిది ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది, అది లోపం కాదు, పంపకాలు తిరిగి మాట్లాడుకోవడం.

కేబుల్ కూడా ఈ సంభాషణలో ఒక మనిషే. మామూలు సీ-టు-సీ కేబుల్ 3 ఆంపియర్లు, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు మోస్తుంది. అంతకు మించి కావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి. అందులో తన శక్తి ఎంతో ఛార్జర్‌కు చెప్పే చిన్న చిప్ ఉంటుంది. అది లేకపోతే 100 వాట్ల ఛార్జర్ కూడా 60 దగ్గరే ఆగుతుంది. 2021లో వచ్చిన పీడీ 3.1తో ఈ హద్దు 48 వోల్టులు, 240 వాట్ల దాకా పెరిగింది, దానికి మళ్లీ 240 అని రాసి ఉన్న కేబుల్ కావాలి.

ఇంత భద్రత ఉన్నా కేబుల్ తప్పుగా తయారైతే అంతా వృథా. 2016లో గూగుల్ ఇంజనీరు ఒకరు మార్కెట్లోని టైప్-సీ కేబుళ్లను పరీక్షిస్తుండగా ఒకదానిలో ప్లస్, మైనస్ తీగలు తారుమారై ఉండి ఆయన ల్యాప్‌టాప్ పోర్టులే కాలిపోయాయి. ఆ కాలంలోనే బయటపడ్డ ఇంకో లోపం, పాత వెడల్పు యూఎస్‌బీ నుంచి టైప్-సీకి మార్చే కేబుళ్లలోది. 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాల్సిన చోట 10 కిలో ఓమ్‌లది పెట్టారు. దాన్ని చూసి ఫోన్ అవతల 3 ఆంపియర్ల ఛార్జర్ ఉందనుకుని, అర ఆంపియర్ ఇవ్వాల్సిన పాత కంప్యూటర్ పోర్టును పీల్చేస్తుంది. ఛార్జర్‌కు బోలెడు డబ్బు పెట్టి కేబుల్ దగ్గర పిసినారితనం చేయకండి.

టైప్-సీ రంధ్రం ఉన్నా సీ-టు-సీ కేబుల్‌తో అసలు ఎక్కని ట్రిమ్మర్లు, టార్చిలైట్లు కూడా చూసే ఉంటారు. తయారీదారు ఆ 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టలేదు. ఛార్జర్‌కు అవతల ఎవరూ ఉన్నట్టు తెలియదు, కాబట్టి ఇవ్వదు. వెడల్పు యూఎస్‌బీ ఛార్జర్, దాని కేబుల్‌తో పెడితే ఎక్కుతుంది.

పీడీ ఛార్జర్ నుంచి రౌటర్ నడపడానికి, ఒక చివర టైప్-సీ, ఇంకో చివర గుండ్రటి పిన్ను ఉండి 12 వోల్టులు అడిగే కేబుళ్లు దొరుకుతాయి. ఇప్పటి పీడీ తప్పనిసరి జాబితాలో 12 లేదు. కొన్ని ఛార్జర్లు అదనంగా ఇస్తాయి, కొన్ని ఇవ్వవు, అప్పుడు ఆ పిన్ను దగ్గర 9 రావొచ్చు, కొన్ని కేబుళ్లలో 15 కూడా రావొచ్చు. ఛార్జర్ చీటీ మీద 12 వోల్టులని స్పష్టంగా కనిపిస్తేనే అలాంటి కేబుల్ జోలికి వెళ్లండి.

అడాప్టర్ వేరు, బ్యాటరీ ఛార్జర్ వేరు

ఈ ఒక్క విషయంలో పొరపాటు పడితే పోయేది పరికరం మాత్రమే కాదు. ఫోన్, ల్యాప్‌టాప్ లోపల బ్యాటరీని చూసుకునే సర్క్యూట్ ఉంటుంది, గోడకు పెట్టేది నిజానికి అడాప్టరే. కానీ డ్రిల్లింగ్ మిషన్, ఎలక్ట్రిక్ సైకిల్, డ్రోన్ లాంటి వాటిలో చాలాసార్లు బయటి పెట్టే అసలు ఛార్జర్. బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తగ్గించి, నిండాక ఆపాల్సిన బాధ్యత దానిదే. మామూలు లిథియం అయాన్ సెల్ 4.2 వోల్టుల దగ్గర ఆగాలి. మూడు సెల్‌ల ప్యాక్‌కు 12.6, నాలుగింటికి 16.8. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే సెల్‌కు 3.65. లెడ్ యాసిడ్ 12 వోల్టుల బ్యాటరీని ఎక్కించే ఛార్జర్ 14.4 దాకా వెళుతుంది. దాన్ని మూడు సెల్‌ల లిథియం ప్యాక్‌కు పెడితే ఒక్కో సెల్ మీద 4.8 వోల్టులు పడతాయి. ప్యాక్‌లోని రక్షణ బోర్డు ఆపకపోతే సెల్ ఉబ్బి, మంటలు రావడమే తరువాయి. పిన్ను కలిసినా, అంకెలు దగ్గరగా కనిపించినా, బ్యాటరీ ఛార్జర్లను ఒకదానికొకటి మార్చకండి. పోతే అదే మోడల్‌ది కొనండి. మామూలు అడాప్టర్‌ను నేరుగా బ్యాటరీకి తగిలించే ప్రయోగం అసలే వద్దు.

గోడ వైపు, చేతిలో బరువు

వేరే దేశం వెళ్లేటప్పుడు ఇన్‌పుట్ వరుస చూడండి. 100 నుంచి 240 వోల్టులని ఉంటే ప్లగ్ ఆకారం మార్చే చిన్న ముక్క చాలు. 120 అని ఒక్క అంకే ఉంటే దాన్ని 230 వోల్టుల గోడకు పెట్టకూడదు. ఆ ముక్క ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీని కాదు. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లకు ఈ బాధ దాదాపు ఉండదు, హెయిర్ డ్రయ్యర్లు, ట్రిమ్మర్లే ఎక్కువగా దొరికిపోతాయి.

నకిలీ ఛార్జర్‌తో అసలు ప్రమాదం ఫోన్‌కు కాదు, దాన్ని పట్టుకున్న చేతికి. మంచి ఛార్జర్ లోపల గోడ కరెంటు వైపు, ఫోన్ వైపు మధ్య బోర్డు మీద కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్య ఇన్సులేషన్ పొరలు వేస్తారు. నాసిరకం వాటిలో ఆ ఖాళీ వెంట్రుకంత ఉంటుంది. తేమ చేరినా, పొర కాలినా గోడ కరెంటు కేబుల్‌లోకి దిగుతుంది. చూడ్డానికి పెద్దగా ఉండి చేతిలో దూదిలా తేలిపోతే, చీటీ మీద అక్షరదోషాలు ఉంటే, కంపెనీ పేరు గానీ భద్రతా ముద్ర గానీ లేకపోతే వదిలేయండి. గాలియం నైట్రైడ్ చిప్‌లతో వచ్చే కొత్త ఛార్జర్లు నిజంగానే చిన్నవి, కానీ వాటి సైజుకు బరువుగానే ఉంటాయి. లోహపు ల్యాప్‌టాప్ మీద వేలు రాస్తే సన్నగా జివ్వుమనడం మాత్రం వేరే సంగతి. రెండు పిన్నుల అడాప్టర్‌లో రెండు వైపులనూ కలిపే ఒక కెపాసిటర్ నుంచి అతి కొద్దిగా వచ్చేది అది. ఎర్త్ ఉన్న మూడు పిన్నులది వాడితే తగ్గుతుంది. చురుక్కున గట్టిగా తగిలితే మాత్రం ఆ అడాప్టర్‌ను వెంటనే పక్కన పెట్టేయండి.

చీటీ చెరిగిపోయిన అడాప్టర్‌ను తేల్చడానికి మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, అంతకన్నా ఎక్కువనే అనుమానం ఉంటే 200 దగ్గర పెట్టి, ఎర్ర మొనను పిన్ను లోపలికి, నల్ల మొనను బయటి అంచుకు ఆనించండి. రెండు మొనలు ఒకదానికొకటి తగలనివ్వకండి. 12.1 అలా చూపిస్తే అది 12 వోల్టులది, లోపల ప్లస్. అంకె ముందు మైనస్ వస్తే లోపల మైనస్. ఎన్ని ఆంపియర్లో మాత్రం ఇలా తెలియదు, కాబట్టి చీటీ లేనిదాన్ని ఎక్కువ కరెంటు తాగే పరికరానికి పెట్టొద్దు. నేను ఇప్పుడు ప్రతి అడాప్టర్ పిన్ను దగ్గర, చెయ్యి పెడితే వేళ్లకు తగిలే చోట, తెల్ల టేపు చుట్టి అది ఏ పరికరానిదో, ఎన్ని వోల్టులో మార్కర్‌తో రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌దానికి రెండు చుట్లు వేశాను, చీకట్లో తడిమినా తెలిసేలా.